చుండెలుక గుండె చెప్పిన లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



మహాభారతమున శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథలలో పలితుడను ఎలుక కథ యొకటి కలదు. మర్రిచెట్టు క్రింద వేటకాడు పన్నిన వలలో పిల్లి చిక్కుకొనెను. నేలమీద ముంగిసయు, కొమ్మమీద గుడ్లగూబయు తనకై పొంచియుండుట చూచి, ఆ ఎలుక తన పగదియైన పిల్లితోనే సంధి చేసికొని దాని యొడిలో దాగెను. ముంగిసయు గుడ్లగూబయు ఆశ వదలుకొని పోయినవి. అటుపిమ్మట వలత్రాళ్లు కొరికి తన్ను విడిపింపుమని పిల్లి తొందరపెట్టెను. ఎలుక తొందరపడలేదు. కట్టు తెగుటతో పిల్లికి గండము గడచును గాని ఎలుకకు అప్పుడే మొదలగును. ఆ రెండవ గండమును ఎరిగినది గనుకనే అది తెల్లవారి వేటకాడు కనబడిన క్షణమున కడపటి త్రాడు కొరికి తన కలుగు చేరెను.

గుండెపోటు విషయమునను గండములు రెండు. గుండెకు పోవు రక్తము ఆగుట మొదటిది. ఆగిన రక్తము తిరిగి వచ్చుట రెండవది. మొదటిది లోకమెరిగినదే. రెండవది యున్నదని వినినవారు మాత్రము తక్కువ. ప్రాణము నిలుపుటకై వచ్చిన రక్తమే వచ్చుచు వచ్చుచు కొంత కండను చంపునని చెప్పిన నమ్ముట కష్టము. ఆ సంగతి బయటపడుటకు మొదట కుక్కలు, పిమ్మట చుండెలుకలు తమ గుండెల నిచ్చినవి. ఇచ్చినవి అనుటకంటె వాటినుండి తీసికొనబడినవి అనుటయే సత్యము. ఆ మాట మరల వచ్చును.

ఈ ప్రస్తావన ఈ ప్రాంతపు గ్రంథాలయములో ఏలయని కొందరు అడుగవచ్చును. సుచిత్ర కూడలినుండి ఉత్తరముగా సాగు రాజమార్గము కొంపల్లి మీదుగా మేడ్చలు చేరును. దానికి తూర్పున కరీంనగరు బాటమీద షామీరుపేట కలదు. ద్రాక్షతోటలకును జొన్నచేలకును పేరుపడిన ఈ నేలలో, షామీరుపేటకు ఆవల తుర్కపల్లి పరిసరములందు, 1999 నుండి జీనోమ్ వ్యాలీ యను పేర టీకాలు, మందులు, జీవశాస్త్ర పరిశోధనలు చేయు సంస్థలు వెలసినవి. వాని నడుమ భారత వైద్య పరిశోధన మండలి వారి జాతీయ జంతు వనరుల సంస్థయు కలదు. పరిశోధనకు కావలసిన జంతువులను రోగము సోకకుండ, వంశము తెలియునట్లు పెంచి సరఫరా చేయుట దాని పని. అంతకు పూర్వమే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అట్టి కేంద్రమొకటి యుండెను. అది బొంబాయిలో ఆరంభమై 1976లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఉదయము కంపెనీ బస్సులెక్కి అటు పనికి పోవు యువకులు ఈ ఊళ్లలో నున్నారు. అక్కడ ఎలుకలకు చల్లని గదులు, వడబోసిన గాలి, కొలిచిన మేత ఉండునని వారు చెప్పగా ముసలివారు నవ్వుదురు. గాదెలోని ధాన్యము తిను ఎలుకకు ఇంత మర్యాదయా యని వారి నవ్వు. ఆ మర్యాద దేనికో తెలియవలెనన్న మొదట గుండె సంగతి కొంత తెలియవలెను.

గుండె నిండ రక్తమే యున్నను, ఆ రక్తము గుండె కండకు నేరుగా ఆహారము కాదు. చెరువు గట్టు క్రిందనే యున్న మడికైనను నీరు తూము గుండ, కాలువ గుండనే రావలెను గదా. అట్లే బృహద్ధమని మొదట రెండు సన్నని నాళములు చీలి, గుండె పైభాగమున కొమ్మలు రెమ్మలుగా వ్యాపించి, కండలోనికి దిగును. ఆ కాలువలలో ఒకదానిలో క్రొవ్వు పేరుకొని, అది చిట్లి, దానిపై రక్తము గడ్డకట్టినచో దాని క్రింది ఆయకట్టు ఎండును. ఇదియే గుండెపోటు.

ఎండుట యనగా లోపల జరుగునదేమి? ఈ ప్రశ్నకు సమాధానము తెలుగువాని చేతిమీదుగా వచ్చినది. 1895 జనవరి 12న భీమవరములో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, బోస్టను నగరమున హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కె అను ఆచార్యునికడ పనిచేసెను. దేహద్రవ్యములలో భాస్వరము ఎంత యున్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును వారిద్దరు 1925లో ప్రకటించిరి. ఆ కొలతబద్దతోనే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును కనుగొనిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు అదే కాలమున వేరుగా ఏ.టి.పి.ని కనుగొనెను. ఏ.టి.పి. కండరమునకు చేతిలోని రొక్కము. ఫాస్ఫోక్రియాటిను పెట్టెలోని రొక్కము. గుండె కూడబెట్టు స్వభావము కలది కాదు. అది ఏ క్షణమునకు కావలసినది ఆ క్షణమున సంపాదించి ఖర్చుచేయును. సంపాదనకు ప్రాణవాయువు కావలెను. రక్తమాగిన కొలది సెకండ్లలోనే పెట్టె ఖాళీయగుట మొదలగును. నిమిషము తిరుగకముందే ఆ భాగము ముడుచుకొనుట మానును. చేతిలోనిది మెల్లమెల్లగా తరుగును. సుబ్బారావు 1948లో న్యూయార్కులో మరణించెను. తాను కనుగొన్న ఆ రొక్కము గుండెపోటులో ఎట్లు అడుగంటునో, రక్తము తిరిగి వచ్చినప్పుడు ఎట్లు దుర్వినియోగమగునో తేలిన ప్రయోగములు అన్నియు ఆయన తరువాతివి. ఆయన పేరు ఇంటింట తెలియవలసినంతగా తెలుగునాట తెలియకపోవుట విచారకరము.

సుబ్బారావు పుట్టిన ఆ 1895వ సంవత్సరముననే జర్మనీ దేశమున రోస్టాకు పట్టణములో లాంగెండార్ఫ్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన పని చేసెను. జంతువు దేహమునుండి గుండెను వేరుచేసి, దాని బృహద్ధమనికి గొట్టము కట్టి, పైనుండి క్రిందికి, అనగా రక్తము నడచు దిక్కునకు ఎదురుగా, పోషకద్రవము పంపెను. ద్రవము వచ్చి తాకగానే గుండె వాకిటి కవాటము మూసికొనును. లోనికి దారి లేక ఆ ద్రవము పక్కనున్న పోషకనాళములలోనికే ప్రవహించును. దేహము లేకున్నను గుండె గంటల తరబడి కొట్టుకొనుచుండును. ఆ ద్రవము ఎట్టిదై యుండవలెనో 1880 తరువాతి కొలది సంవత్సరములలో లండనులో రింగర్ అను వైద్యుడు తెలిసికొనెను. శుద్ధజలముతో చేసిన ఉప్పునీటిలో కప్పగుండె త్వరగా నిలిచిపోవుచుండగా, కుళాయినీటితో చేసినదానిలో చక్కగా కొట్టుకొనెను. నీటిలోని సున్నపుధాతువు, అనగా కాల్షియము, దానికి కారణమని తేలినది. గుండె ముడుచుకొనుటకు అది అత్యవసరము. అదే కాల్షియము మితిమీరినచో గుండెకు మృత్యువగునని తెలియుటకు ఇంకను చాల కాలము పట్టెను.

1960లో అమెరికాలో జెన్నింగ్స్ అను వైద్యుడును ఆయన సహచరులును కుక్కగుండె నాళమును కొంతసేపు బిగించి, పిదప వదలి చూచిరి. వదలిన గుండెలోని కండ, రక్తమే రాని గుండెలోని కండకంటె వేరు విధముగ, మిక్కిలి త్వరగా చెడుట వారు గమనించిరి. కణములు ఉబ్బినవి, వానిలో సున్నపు రేణువులు పేరినవి, పోగులు చిందరవందరగా ముడుచుకొనిపోయినవి. వచ్చిన రక్తము చచ్చినవానిని బయటపెట్టినదా, బ్రదుకవలసినవానిని కూడ చంపినదా యను వాదము అప్పుడు పుట్టి చాల సంవత్సరములు నడచినది.

పల్లెవారికి ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. పది లంఖణములు చేసిన రోగికి జ్వరము విడిచిన నాడు ఏ తల్లియు పప్పన్నము, వడలు పెట్టదు. మొదట జావ, పిదప చారన్నము, మరునాడు మెత్తని కూర. ఆకలిగొన్న కడుపునకు అన్నమే మందు. ఆ అన్నమే తొందరపడిన విషము. ఆకలిగొన్న కండలో జరుగునది కూడ ఇట్టిదే. రక్తము లేని సమయమున కణములో పులుపు పేరుకొనును. ఆ పులుపు ఒకవిధముగ కాపలా కూడ. కణములోని పొయ్యిలవంటి మైటోకాండ్రియాలకు ఒక ప్రమాదద్వారమున్నది, పులుపున్నంతవరకు అది తెరచుకొనదు. రక్తము రాగానే పులుపు కడిగివేయబడును, కాల్షియము వెల్లువగా లోనికి వచ్చును. ఆకలివేళ పొయ్యిలో సక్సినేటు అను పదార్థము గుట్టగా చేరియుండునని, ప్రాణవాయువు వచ్చిన తొలి నిమిషములలో అది భగ్గున మండి నిప్పురవ్వలవంటి దుష్టకణములను ఎగజిమ్మునని ఆంగ్లదేశ శాస్త్రజ్ఞులు చుండెలుక గుండెలలో చూచి 2014లో ప్రకటించిరి. నిప్పురవ్వలును కాల్షియమును కలసి ఆ ద్వారమును తెరపించును. ద్వారము తెరచుకొన్న పొయ్యి ఏ.టి.పి.ని చేయుట మాని ఉన్నదానిని కూడ తినును. కణము చచ్చును. తుదకు చచ్చు కండలో సగము వరకు ఈ తిరుగురక్తపు గాయమువలననే కావచ్చునని ప్రయోగములనుబట్టి 2007లో నిపుణులు అంచనా కట్టిరి.

ఇంత పెద్ద సంగతి చూచుటకు ఇంత చిన్న జంతువు ఏల? చుండెలుక తూకము ఇరువదియైదు ముప్పది గ్రాములు. దాని గుండె గ్రాములో ఎనిమిదవ పాలు. కందిగింజకు కొంచెము పెద్ద. నిమిషమునకు అయిదారు వందల సార్లు కొట్టుకొనును. కుక్క గుండెలో చేయి పెట్టి చూడవచ్చును. దీనిని సూక్ష్మదర్శిని క్రింద గాని చూడరాదు. అయినను దీనినే ఎన్నుకొనుటకు కారణము వంశము. 1921లో అమెరికాలో ఆరంభమైన సి-57 నల్ల చుండెలుకల వంశము అన్నాచెల్లెండ్రనే జతకూర్చుచు తరతరములు పెంపబడినది. ఇరువది తరములు అట్లు గడచినచో ఒక ఎలుకకును మరియొక ఎలుకకును జన్మవిశేషములలో భేదముండదు. ఒకే విత్తనము, ఒకే మడి, ఒకే నీరు. ఒక చోట మార్పు చేసినచో ఫలితము ఆ మార్పువలననే యని చెప్పవచ్చును. అంతేకాక, కోరిన ఒక్క జన్యువును తీసివేసి ఎలుకను పుట్టించు విద్య 1989 నాటికి సిద్ధించినది. ఆ విద్యకు కారకులైన ముగ్గురికి 2007లో నోబెలు బహుమాన మిచ్చిరి. ఒక జన్యువు లేని గుండె ఆ రెండవ గండమును దాటునా దాటదా యని అడుగుటకు ఇప్పటికి చుండెలుకయే అందరికంటె అందుబాటులో నున్న సాక్షి.

ప్రయోగము జరుగు తీరు వినదగినది. ఎలుకకు మత్తుమందిచ్చి నిద్రపుచ్చుదురు. శ్వాస యంత్రముతో నడపుదురు. ఒంటి వేడి తగ్గకుండ క్రింద వెచ్చని పీట యుంచుదురు. వేడి రెండు డిగ్రీలు తగ్గినను ఫలితము తారుమారగును. ఎడమ ప్రక్కటెముకల నడుమ తెరచి, తలవెండ్రుకవంటి పట్టుదారమును వంపుసూదితో ఎడమ నాళము క్రిందుగా పోనిచ్చి, నడుమ చిన్న గొట్టపుముక్క యుంచి ముడివేయుదురు. నేరుగా బిగించిన నాళము తెగును గనుక ఆ ముక్క. ముడి పడగానే దాని క్రింది గుండె ముఖము పాలిపోవును. అరగంట గడిపి ముడి సడలింతురు. తెల్లబోయిన చోట ఎర్రదనము ప్రాకివచ్చును. చూచువారికి అంతయు బాగుపడినట్లే తోచును. గాయము కుట్టి, నొప్పి తెలియకుండ మందిచ్చి, ఒక దినము ఉంచుదురు.

మరునాడు మరల మత్తిచ్చి, ఈసారి మేల్కొనకుండ ప్రాణము తీసి, గుండె వెలికి తీయుదురు. అదే చోట మరల ముడివేసి నీలిరంగు ఎక్కింతురు. ముడికి లోబడని కండ యంతయు నీలమగును. గుండెను మిల్లీమీటరు మందపు బిళ్లలుగా తరిగి మరియొక రసాయనజలములో నానవేయుదురు. బ్రదికిన కండ ఇటుకరంగు తాల్చును, చచ్చిన కండ తెల్లగా నిలుచును. నీలము ఎన్నడు ఆకలి యెరుగని భాగము, ఎరుపు ఆకలిగొని బ్రదికినది, తెలుపు చచ్చినది. తెలుపును, తెలుపు ఎరుపుల మొత్తముతో భాగించినచో లెక్క తేలును. పైరు పోయిన గుంటలు ఎన్ని, నీరందని గుంటలు ఎన్ని యని పంటనష్టము కట్టువారికి ఈ భాగహారము సులభముగా బోధపడును.

లాంగెండార్ఫ్ పద్ధతి ఈనాటికి విడువబడలేదు. దేహమునుండి తీసిన చుండెలుక గుండెను చల్లని ద్రవములో ముంచి, రెండు మూడు నిమిషములలో బృహద్ధమనికి సన్నని గొట్టము కట్టి, 37 డిగ్రీల వేడిలో ప్రాణవాయువు కలిపిన ఉప్పుచక్కెర నీరు పంపుదురు. లోపల చిన్న బుడగ యుంచి ప్రతి ముడుచుట ఎంత బలముతో నున్నదో కొలుతురు. ద్రవమును ఇరువది ముప్పది నిమిషములు ఆపి మరల వదలుదురు. ఇందు మనస్సు లేదు, నరములు లేవు, రక్తకణములు లేవు. గుండె తన మట్టుకు తాను ఏమి చేయునో తెలియును. అదే దాని గుణము, అదే దాని కొరత.

ఇట్టి లెక్కలవలన కలిగిన ఆశలు చిన్నవి కావు. 1986లో జెన్నింగ్సు బృందమే కుక్కలలో ఒక వింత చూచినది. 40 నిమిషములు నాళము మూయుటకు ముందు, అయిదేసి నిమిషములు నాలుగు సార్లు మూసి తెరచినచో, చచ్చిన కండ మామూలులో నాలుగవ వంతుకు దిగినది. చిన్న కరువులకు అలవాటుపడిన కాపు పెద్ద కరువును తట్టుకొన్నట్లు. 2003లో మరియొకరు రక్తము వదలునప్పుడే 30 సెకండ్లు వదలి, 30 సెకండ్లు ఆపి, మూడు మార్లు అట్లు చేసి మేలు చూచిరి. ఇది జావతో మొదలుపెట్టిన పథ్యము. 2005లో సైక్లోఫిలిన్-డి యను మాంసకృత్తు లేని చుండెలుకలను ఇరువురు వేర్వేరు బృందములవారు, అమెరికాలోను జపానులోను, పరీక్షించిరి. పైన చెప్పిన ప్రమాదద్వారపు గడియ ఈ మాంసకృత్తే. గడియ లేని గుండెలలో తెలుపు గణనీయముగా తగ్గినది.

ఆ గడియను పట్టి ఆపు మందు అంతకుముందే వైద్యుల అలమరలో నున్నది. మూత్రపిండము మార్పిడి చేసికొన్నవారు వాడు సైక్లోస్పోరినే అది. 2008లో ఫ్రాన్సు దేశమున 58 మంది గుండెపోటు రోగులలో, నాళము తెరచుటకు కొంచెము ముందు దానిని ఎక్కింపగా నష్టము తగ్గినట్లు కనబడెను. శాస్త్రలోకము సంతోషించినది. అంతట 970 మంది రోగులతో పెద్ద పరీక్ష జరిపి 2015లో ఫలితము ప్రకటించిరి. మందు పొందినవారికిని పొందనివారికిని మరణములలో గాని, గుండె బలహీనతలో గాని మేలైన భేదము లేదు. పథ్యపద్ధతిని డెన్మార్కులో పన్నెండు వందలకు పైగా రోగులలో చూచిరి. 2017లో అదియు నిరాశయే మిగిల్చినది. చేతికి పట్టీ బిగించి వదలుటచేత దూరమునుండి గుండెను సిద్ధపరచు పద్ధతిని అయిదువేలకు పైగా రోగులలో పరీక్షింపగా 2019లో అదే సమాధానము వచ్చినది.

ఎలుక అబద్ధమాడినదా? ఎలుక అడిగినదానికి సమాధానము చెప్పినది. అడిగినవారే ప్రశ్నను ఇరుకుగా అడిగిరి. ఒక గ్రామపు పహాణీ ఎంత నిర్దుష్టముగా వ్రాసినను అది పొరుగు గ్రామపు భూములకు చెల్లదు. ప్రయోగశాల చుండెలుక మూడు నాలుగు నెలల పడుచుది. దానికి మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు, చుట్ట బీడీ లేవు, ముప్పది సంవత్సరములుగా నాళములలో పేరుకొన్న క్రొవ్వు లేదు. దాని నాళమును మూసినది గడ్డకట్టిన రక్తము కాదు, శుభ్రమైన పట్టుదారము. అది ముడిపడిన నిమిషము, విడిన నిమిషము గడియారములో వ్రాయబడియున్నవి. మనుష్యుడో, అరువది యేండ్లవాడు, ఇతర రోగములకు నాలుగు మాత్రలు మ్రింగువాడు, నొప్పి ఎప్పుడు మొదలైనదో సరిగా చెప్పలేనివాడు. అందరి జన్యువులు ఒకటి కావు కూడ. గుండెకండ నిర్మాణమునకు సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరముల లోపము భారతదేశపు జనులలో నూటికి నలుగురిలో నున్నదని హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 2009లో తేల్చిరి. సి-57 వంశపు ఎలుక ఈ జనమునకెల్ల ప్రతినిధి యెట్లగును? ఈ తెలివి కలిగిన పిమ్మట ముసలి ఎలుకలలోను, మధుమేహము కలిగించిన ఎలుకలలోను, పిదప మనుష్యుని గుండెకు దగ్గరైన పంది గుండెలోను అదే ఫలితము నిలుచునేమో చూడవలెనని, ఒక్క ప్రయోగశాల మాటను నమ్మరాదని శాస్త్రజ్ఞులు తమలో తాము కట్టడి చేసికొనుచున్నారు. ఈ కట్టడి ముందే జరిగియుండిన కొన్ని ప్రాణములైనను మిగిలియుండెడివి.

ప్రాణములనగా ఎలుకల ప్రాణములు కూడ. ఇట్టి సభలలో ప్రయోగజంతువును దధీచితో పోల్చుట వాడుకయైనది. ఆ పోలిక సరికాదు. దేవతలు వచ్చి అడుగగా దధీచి తన ఎముకల నిచ్చెను. శిబి తన తొడకోసి తానే త్రాసులో పెట్టెను. చుండెలుకను ఎవ్వరు అడుగలేదు, అది ఔనని చెప్పలేదు. దానము కానిదానిని దానమని పొగడినచో తీసికొన్నవానికి బాధ్యత తగ్గినట్లు తోచును. బాధ్యత తగ్గరాదు. ఈ దేశమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ప్రయోగములపై అజమాయిషీకి సంఘము నియమించుటకును, నొప్పి కలిగించు పనులు మత్తుమందుతోనే చేయుటకును, వేరు మార్గముండగా జంతువును వాడకుండుటకును అందు విధులున్నవి. 1998 నాటి నిబంధనలచే ప్రతి సంస్థయు నమోదు కావలెను, ప్రతి ప్రయోగమును సంస్థలోని నైతిక సంఘము ముందే ఆమోదింపవలెను. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, ఏల తక్కువ కాకూడదు అని వ్రాసి చూపవలెను. అంతకు ముందే 1959లో ఆంగ్లదేశమున రస్సెల్, బర్చ్ అను ఇరువురు, సాధ్యమైనచోట జంతువునకు మారుగా వేరొకటి వాడుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట యను మూడు సూత్రములను గ్రంథస్థము చేసిరి. ఎక్కువ ఎలుకలను చంపుట మాత్రమే దోషము కాదు. లెక్కకు చాలనన్ని తక్కువ ఎలుకలతో ప్రయోగము చేసి, ఏమియు తేలక, వాటి నన్నిటిని వ్యర్థముగా చంపుటయు దోషమే. ఈ రెండవ దోషము జాలిగుండెవారికి కనబడదు, అంకెలు చూచువారికి కనబడును.

ఇక ఈ గ్రామమువారికి ఈ లెక్కలలో ఉపయోగపడునది ఏది? తిరుగురక్తము గాయపరచునని వినినవారెవ్వరైనను నాళము తెరపించుకొనుట ప్రమాదమని తలచినచో, ఈ ఉపన్యాసము మేలుకంటె కీడు చేసినదగును. రక్తము రాకున్న ఎండిన ఆయకట్టులో మిగులునది దాదాపు శూన్యము. వచ్చినచో కొంత గాయపడి చాల మిగులును. ఎంత మిగులుననునది వేళమీద ఆధారపడియున్నది. 1977లో జెన్నింగ్సును రైమరును కుక్కగుండెలలో కట్టిన లెక్క యిది: నాళము 40 నిమిషములు మూసి తెరచినచో ఆ భాగపు గోడలో నూటికి 38 పాళ్లు చచ్చినది; 3 గంటలకు 57; 6 గంటలకు 71; తెరువకయే యుంచినచో 85. చావు లోపలి పొరనుండి వెలుపలికి అలవలె ప్రాకును. అలకు ముందు వచ్చినవానికి గోడ దక్కును. గడ్డను కరిగించు మందైనను, మణికట్టు నుండియో తొడ నుండియో సన్నని గొట్టము పంపి నాళము తెరచు చికిత్సయైనను, ఈ అలతో పందెమే. ఎలుక గుండెలో అల ఇంకను వేగముగా పోవును, మనుష్యునిలో కొంత మెల్లగా; కాని ఏ గుండెలోను అది నిలుచుండదు.

పల్లెలలో ఆ వేళ పోవునది ఎక్కడ? రాత్రి రొమ్ములో బరువు కలుగును. ఎడమచేతికో దవడకో నొప్పి ప్రాకును, చల్లని చెమట పట్టును. వాము నమిలి చూతురు, సోడా త్రాగింతురు, గ్యాసని తీర్మానింతురు. ఇంటి పెద్ద మేల్కొని, కుమారునికి కబురుపెట్టి, తెల్లవారిన పిదప మేడ్చలో సికింద్రాబాదో పోదమని నిశ్చయింతురు. మధుమేహమున్నవారికిని ఆడువారికిని కొన్నిసార్లు నొప్పియే యుండదు, ఆయాసమో వాంతియో నీరసమో మాత్రముండును. వారి విషయమున ఆలస్యము ఇంకను ఎక్కువ. పట్టుదారపు ముడి విప్పుటకు శాస్త్రజ్ఞుడు గడియారము చూచుచు కూర్చుండును. ఇక్కడి ముడికి ఎవ్వరును గడియారము చూడరు.

సైక్లోస్పోరిను నిష్ఫలమైన పిమ్మట రెండవ గండమునకు నమ్మదగిన మందు ఇంకను రోగి పడకవద్దకు చేరలేదు. మొదటి గండమును కురచచేయుట ఒక్కటే రెండవదానిని కూడ కొంత కురచచేయుచున్నది. 108 అను అంబులెన్సు ఏర్పాటు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. దాని ప్రధాన కార్యాలయము దూరమున లేదు. సుచిత్ర నుండి మేడ్చలు పోవు ఈ బాటలోనే, దేవర యాంజాలులో నున్నది. ఆ బాటమీద బండి పరుగెత్తుట ఈ ఊరివారు ప్రతిదినము చూచుచున్నారు. అక్కడ ఫోను మ్రోగుట మాత్రము రోగి ఇంటివారు మూడంకెలు నొక్కిన పిదపనే.